రెండు వేళ్ళ సందు

వెనుక చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సదానందం బరువుకు వంగే కమాన్ పట్టీల కట్టకూ దాని పైనుండే నల్లటి రబ్బరు దిమ్మకూ మధ్య వేళ్ళు దూర్చి చూసుకుంటున్నాడు. పొద్దున ఏడు కూడా కాలేదు. రోజూ చేసే పనే అది. ఖాళీ బండికి నాలుగు వేళ్ళు పట్టాలి. నిండా సరుకెక్కాక రెండు వేళ్ళు పట్టాలి. రెండు పట్టకపోతే సరుకు దింపాల్సిందే. పదకొండేళ్ళుగా ఈ పికప్ నడుపుతున్నాడు, ఒక్కరోజు కూడా ఈ కొలత చూడకుండా తాళం తిప్పింది లేదు.

ఇవాళ నాలుగు వేళ్ళు పట్టాక కూడా ఇంకా సందు మిగిలింది.

తల వంచి ఫోన్ లైటు వేసి చూశాడు. తుప్పెక్కిన పాత పట్టీల నడుమ ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది, దాని పెయింటు కూడా పోలేదు. రెండో పక్కకు పోయి చూస్తే అక్కడా ఒకటి. భార్య శోభారాణి కంటి ఆపరేషన్‌కని రెండు రోజులు దవాఖానలో ఉండి వచ్చేసరికి బండి కింద ఇంత పని జరిగిపోయింది. అతనికి ఒళ్ళు మండింది.

సదానందానికి యాభై ఏడేళ్ళు. బక్కపలచటి మనిషి. వయసులో ఉన్నప్పుడు మార్కెట్లో మూటలు మోయడం వల్ల ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కిటికీ మీద ఆనించిన కుడిచెయ్యి మోచేతి దాకా కమిలిపోయి, ఎడమచేతి పక్కన పెడితే వేరే మనిషి చెయ్యేమో అనిపిస్తుంది. కాశిబుగ్గలో డ్రైవర్లకు కొదవేం లేదు. సదానందం ఎవరని అడిగితే చాలామంది తెలియదనే అంటారు. ‘కాంటా సదానందం’ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. బియ్యం బస్తా ఎక్కించినా, బీరువా ఎక్కించినా, పెండ్లికి గిన్నెలు ఎక్కించినా, ‘ఇదెన్ని కిలోలు?’ అని అడగకుండా ఉండడు కదా! ఆ పేరు పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు. అతనికి కోపం రాలేదు.

ఓనరు కిషన్ రావు నోట్లో బ్రష్షుతో అరుగు మీదికి వచ్చాడు. మూడు పికప్పుల యజమాని. చెడ్డవాడేం కాదు, శోభారాణి ఆపరేషన్‌కు అడగకుండానే ఆటో మాట్లాడి పంపాడు. తొందర మాత్రం అతని పుట్టుకతో వచ్చిన జబ్బు.

“సారూ, ఈ పట్టీలెవరు ఏయించిండ్రు?”

“నేనే. మొన్న రాంప్రసాద్‌కిచ్చి పంపిన. ఇగ రెండు టన్నులేసినా బండి వంగది. మంచిగ లేదా?”

“వంగకపోతే బరువెక్కువైందని నాకెట్ల తెలుస్తది సారూ?”

“తెలుసుకొని ఏం జేస్తవయ్యా?” కిషన్ రావు నవ్వి, పక్కకు ఉమ్మి వచ్చాడు. “ఇయ్యాల పరకాలకు పోవాలె. మన వెనుక గల్లీల సమ్మమ్మోళ్ళయి రెండు సాంచాలు. ఇక్కడి షెడ్డు ఖాళీ జేస్తాండ్రు.”

సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఒక్కోటి పోత ఇనుము. సదానందం మనసులో అప్పుడే లెక్క మొదలైంది.

“రెండు ట్రిప్పులా సారూ?”

“ఒక్కటే. రెండు గంటలకు బండి మళ్ళ ఇక్కడ ఉండాలె, విత్తనాల లోడున్నది. నీతోని కాదంటవా, చెప్పు. రాంప్రసాద్‌ను పంపుత.”

రాంప్రసాద్ కిషన్ రావు దగ్గరే ఇంకో పికప్ నడిపే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్టీరింగు. వాడి బండిలో ఎంతమంది ఎక్కితే అంతమందీ ఎక్కినట్టే. పైగా ఇది సాంచాల లోడు. నేతపని చేసే సాలోళ్ళ ఇళ్ళల్లో సాంచాను ఒంటరిగా పంపరు. అన్నం పెట్టిన వస్తువును అనాథలాగా తోలెయ్యడం తప్పని వాళ్ళ నమ్మకం. ఇంటిల్లిపాదీ దానితోపాటే బండెక్కి, దించేదాకా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటారు. తాను కాదంటే రాంప్రసాద్ వస్తాడు. ఆ ఇంటివాళ్ళంతా వాడి బండిలో, ఆ ఇనుము మీద కూర్చుని, పరకాల దారిలో వాగు దగ్గరి నిటారు దిగుడు దిగుతారు. అక్కడిదాకా ఆలోచించి సదానందం తాళంచెవి తీసుకున్నాడు.

డ్రైవరు తలుపు తెరిస్తే, ఫ్రేము మీద అరచేయంత రేకు బిళ్ళ ఉంటుంది. కంపెనీవాడు కొట్టిన అంకెలు. బండిలో అన్నింటికన్నా శుభ్రంగా ఉండేది అదే, రోజూ గుడ్డతో తుడుస్తాడు. దాన్ని చదవడం నేర్పింది మెకానిక్ శ్యాంసుందర్.

అది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు సదానందం వేరేవాళ్ళ ట్రాలీ నడిపేవాడు. పత్తి మూటలు నిండుగా ఎక్కించాక, ఏరడానికి వచ్చిన పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఆ మూటల పైన ఎక్కారు. మేస్త్రీని అడిగితే, ‘మనుషులేం బరువయ్యా, పోనియ్’ అన్నాడు. సదానందం కూడా అదే అనుకున్నాడు. మనుషుల్ని ఎవరైనా బరువులో లెక్కేస్తారా? నాలుగు మైళ్ళు పోయాక వెనుక టైరు పగిలింది. ఎవరూ చనిపోలేదు. కట్టమ్మ అనే ఆమెకు మోకాలి కింద కాలు తీసేశారు. కేసు నడిచిన మూడేళ్ళూ సుబేదారిలో కోర్టు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అక్కడ ఒకసారి ఆమె ఎదురుపడింది. తిడుతుందనుకున్నాడు. ‘మంచిగున్నవా బిడ్డా?’ అని అడిగి, చంకకర్ర సర్దుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాతే శ్యాంసుందర్ అతన్ని ఇలాంటి రేకు ముందు కూర్చోబెట్టి, సుద్దముక్కతో నేల మీద రాసి చూపించాడు. ఇప్పటి ఈ బండి లెక్క కూడా అలాంటిదే. బండీ సరుకూ కలిపి మొత్తం రెండువేల తొమ్మిదివందల తొంభై దాటకూడదు. ఖాళీ బండి పదహారువందల తొంభై. తీసేస్తే మిగిలేది పదమూడు వందలు. “ఆ మిగిలిందంత సరుకుకే అనుకునేవు” అని అప్పుడే చెప్పాడు శ్యాంసుందర్. “అండ్ల నువ్వున్నవు. నీ పక్కపొంటి కూసున్నోడున్నడు. మీది టార్పాలిన్ ఉన్నది, మీ ఓనర్ కట్టించిన ఇనుప జాలి ఉన్నది. మళ్ళ వెనుక ఇరుసుకు వేరే లెక్క, టైరుకు వేరే లెక్క. పట్టీలు ఎన్నన్న ఏయించు, బండి వంగది. బ్రేకులు మాత్రం గవ్వే.”

సమ్మమ్మ వాళ్ళ షెడ్డు ముందు అప్పటికే హడావుడిగా ఉంది. రెండు సాంచాలనూ వాకిట్లోకి తెచ్చి, మూడు కర్రల మీద గొలుసు కప్పీ కట్టి సిద్ధంగా ఉంచారు. వాటికి పసుపు కుంకుమ పెట్టారు. సమ్మమ్మకు డెబ్బై రెండేళ్ళు. నేసీ నేసీ నడుము వంగిపోయింది, గొంతు మాత్రం వంగలేదు. కొడుకు పండరి, కోడలు అనూష, ఏడేళ్ళ మనవరాలు సంధ్యారాణి. ఇదీ కుటుంబం. పరకాలలో అనూష అన్న ఒక షెడ్డు ఇప్పించాడు. రెండు గంటలకు కరెంటతను వచ్చి మోటార్లు బిగిస్తాడు. రేపటి నుంచి జంపఖానాలు నేయాలి. ఇవాళ సాంచాలు చేరకపోతే అతను మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు.

“పండరీ, ఒక్కోటి ఎన్ని కిలోలుంటయి?”

“ఏడు క్వింటాళ్ళుంటయి కాక. అటు ఇటు.”

“అటెంత, ఇటెంత?”

హమాలీలు నవ్వారు. సదానందం నవ్వలేదు. రెండూ కలిపి పద్నాలుగు వందలు. తాను డెబ్బై. జాలీ, టార్పాలినూ అరవై. పదిహేను వందల ముప్పై. అంటే పదమూడు వందల బండికి రెండు వందల ముప్పై ఎక్కువ. ‘దారిలో కాంటా మీద పెట్టి చూపిస్త సారూ’ అని కిషన్ రావుకు ఫోన్ చేశాడు. ‘కాంటా కాడ గంట పోతది. పోతవా, రాంప్రసాద్‌కు తాళం ఇస్తవా?’ అని అవతలి నుంచి ఒకే మాట.

మొదటి సాంచా ఎక్కింది. బండి ఒక మూలుగు మూలిగి సర్దుకుంది. రెండోదాన్ని ఎక్కిస్తుంటే అనూష చాయ్ తెచ్చి, “ఎండల నిలబడ్డవు, లోపటికి రా కాక” అని పిలిచింది. ఖాళీ షెడ్డులో నేల మీద నూనె మరకలు, గోడకు క్యాలెండరు మేకు. అక్కడ నిలబడి చాయ్ తాగి బయటికి వచ్చేసరికి రెండోది కూడా ఎక్కింది. మీద పాత జంపఖానాలు పరిచి తాళ్ళు బిగిస్తున్నారు. సదానందం పోయి చక్రం పక్కన కూర్చున్నాడు. రెండు వేళ్ళు పట్టాయి, మూడోది కూడా కొద్దిగా దూరింది. మామూలు రోజయితే ఆ సందు చూసి హాయిగా లేచేవాడు. ఇవాళ ఆ కొత్త పట్టీ పుణ్యమా అని తన వేళ్ళనే తాను నమ్మలేకపోయాడు.

“ఇంకేమన్నున్నదా బిడ్డా?” అని అనూషను అడిగాడు. “చిన్నదైనా సరే, చెప్పాలె.”

“ఏం లేదు కాక.”

ఇంతలో సమ్మమ్మ కొడుకు భుజం పట్టుకుని వెనుక పలక మీద కాలు పెట్టింది. పండరి కూతురిని ఎత్తి పైకి అందించబోతున్నాడు.

“పెద్దమ్మా, దిగు” అన్నాడు సదానందం.

“ఎందుకురా కొడుకా?”

“మనుషులు రావద్దు. బస్సుల రాండ్రి.”

“సాంచాను ఒక్కదాన్నే తోలుమంటవా? మా మామ కాలంల గుంత మగ్గాన్ని ఎడ్లబండి మీద తెచ్చినప్పుడు గూడ నేను దాని పక్కనే కూసున్న. నేనెంత బరువుంటరా? గుప్పెడు బొక్కలు.”

సదానందం సంధ్యారాణిని తండ్రి చేతుల్లోంచి తీసుకుని, చంకల కింద పట్టి ఒకసారి పైకి లేపాడు. “ఈ పిల్ల ఇరవై. నువ్వు నలభై. అనూష యాభై ఐదు, పండరి అరవై ఐదు. నూట ఎనభై కిలోలు పెద్దమ్మా. బండి ఇప్పటికే మోయనంత మోస్తాంది.”

“మనుషుల్ని గూడ కాంటా పెడుతవేందే కాక?” అని పండరి విసుక్కున్నాడు. “మేము జర అంచుకు కూసుంటం. ఫికర్ చెయ్యకు.”

సదానందం తాళంచెవిని జేబులో వేసుకుని రోడ్డు అంచున నిలబడ్డాడు. “మీరు దిగితే నేను నడుపుత. దిగకపోతే ఈడనే నిలబడత. కిషన్ రావు సార్ రాంప్రసాద్‌ను పంపుతడు. వాడు మిమ్ముల ఎక్కించుకుంటడు, నాకెరుకే. ఆ బండి కింద నేను పండుకుంట గని మిమ్ముల పోనియ్య.”

గల్లీలో జనం చూస్తున్నారు. ఎవరో ‘కాంటాకు కోపమొచ్చింది’ అన్నారు. సమ్మమ్మ అతని మొహం వైపు చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో ఏమో, గొణుక్కుంటూ దిగింది. వెళ్ళి సాంచా మీద అరచెయ్యి ఆనించి, “పా తల్లీ, వెనుకనే వస్తాన” అని దానికే చెప్పింది. పిల్లను ఎత్తుకుని నలుగురూ బస్టాండుకు పోయే ఆటో వైపు నడిచాక గానీ సదానందం తాళంచెవి బయటికి తీయలేదు. వాళ్ళను దింపినందుకు గర్వమేం కలగలేదు. ఒక పని అయింది, ఇంకో పని ఉంది.

ఊరు దాటేదాకా బండి బాగానే నడిచింది. రింగు రోడ్డు ఎక్కాక స్టీరింగు మరీ తేలిగ్గా తిరుగుతోందని అనిపించింది. వెనుక బరువు ఎక్కువైతే ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. రెండు వందల ముప్పైకి ఇంత తేలిక ఉండదు. పండరి చెప్పిన ఏడు క్వింటాళ్ళు ఎనిమిదేమో. ఒక చెట్టు నీడన ఆపి దిగి టైర్లు ముట్టుకున్నాడు, చెయ్యి పెట్టలేనంత వేడి. దించుదామంటే ఇక్కడ కప్పీ లేదు, హమాలీలు లేరు. వెనక్కి పోదామంటే వచ్చినంత దూరమూ మళ్ళీ పోవాలి. ముందుకు పోతే వాగు దిగుడు ఒక్కటే కష్టం, అది దాటితే పరకాల దాకా చదునే. సీసాలో నీళ్ళు టైర్ల మీద పోసి, పావుగంట ఆగి, మళ్ళీ ఎక్కాడు. ఆ పావుగంటలో కిషన్ రావు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

గూడెప్పాడ్ దగ్గర పరకాల రోడ్డుకు మళ్ళి, దిగుడు మొదలవ్వకముందే రెండో గేరు వేశాడు. ఇలాంటి చోట బ్రేకు తొక్కీ తొక్కీ కూర్చుంటే అది వేడెక్కి పనిచేయదు. ఇంజనుతోనే బండిని పట్టుకోవాలి. బండి మూలుగుతూ దిగసాగింది. ఇరవై, ఇరవై ఐదు. మధ్య మధ్య కొద్దిగా బ్రేకు. రోడ్డు వంపు తిరిగింది. అప్పుడు వెనుక నుంచి ఒక చప్పుడు వినిపించింది.

ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. సాంచాలు బిగించి కట్టినవి, అవి మోగవు. ఇది వదులుగా ఉన్న ఇనుము. క్యాబిన్ గోడకు ఆనుకుని ఒకదాని మీద ఒకటి జారుతున్న చప్పుడు. కంకర కాదు, పనిముట్లు కాదు, ఇంకా బరువైనదేదో. తనకు చెప్పనిది ఏదో బండిలో ఉంది. అదెంతో తెలియదు. అతని లెక్కలో లేదు.

బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికి పోయింది. మళ్ళీ తొక్కాడు, నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగితే కాలిన వాసన వచ్చింది గానీ వేగం తగ్గలేదు. మొదటి గేరు పడలేదు. నలభై. నలభై ఐదు.

కింద, దిగుడు చివర, సగం రోడ్డు పొడవునా పసుప్పచ్చగా మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. కోతలయ్యాక ఈ దారిలో ప్రతి ఏడూ అంతే. నలుగురు ఆడవాళ్ళు రోడ్డుకు వీపు చేసి, కాళ్ళతో గింజలను తిరగేస్తున్నారు. ఒకామె మక్కల మధ్యలోనే కూర్చుని ఉంది. రెండో సగం రోడ్డు మీద ఎదురుగా ఒక ఆటో ఎక్కి వస్తోంది, నిండా జనం. హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. వాళ్ళు తిరిగి చూశారు గానీ లేవడానికి టైము చాలదు. ఎడమ పక్క, రోడ్డు పని కోసం పోసిన మొరం మట్టి గుట్ట ఒకటి ఉంది. దానికి గుద్దితే బండి ఆగుతుంది. వెనుకనున్నవి ఆగవు. అది అతనికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నేర్చుకున్నదంతా అదే కదా.

భయమేసింది. శోభారాణి కంటికి కట్టు ఇవాళ సాయంత్రం విప్పాలని గుర్తొచ్చింది. నల్లబడ్డ కుడిచేత్తో, ఎడమచేత్తో, రెండు చేతులా స్టీరింగును ఎడమకు తిప్పాడు.

పెద్ద చప్పుడేం కాలేదని తర్వాత ఆ ఆడవాళ్ళు చెప్పారు. ముందు భాగం మొరంలో మెత్తగా దిగబడింది. తర్వాత తాళ్ళు తెగాయి.

పరకాల బస్సు అక్కడికి వచ్చి ఆగేసరికి ముప్పావుగంట అయింది. రోడ్డు మీద జనం మూగి ఉన్నారు. కిటికీలోంచి ముందుగా పసుపు కుంకుమ పెట్టిన ఇనుప పక్కను చూసింది సంధ్యారాణి. “మన సాంచా” అంది. నలుగురూ దిగారు.

అప్పటికి సదానందాన్ని బయటికి తీసి, మక్కల మీద కప్పే పట్టా ఒకటి కప్పారు. కుడిచెయ్యి ఒక్కటే బయట ఉంది. ఒకామె పండరి చొక్కా పట్టుకుని, “బండ్ల ఇంకెవ్వరన్నున్నరా అయ్యా? వెనుకాల కూసున్నోళ్ళు ఉన్నరా, చూడుండ్రి” అని అడుగుతోంది.

“లేరు” అన్నాడు పండరి. “మమ్ముల పొద్దుగాలనే దింపిండు.”

అనూష పట్టా దాకా పోలేదు. దారిలోనే కూలబడింది. క్యాబిన్ వెనుక, చిరిగిన నాలుగు గోనెసంచుల్లోంచి బయటపడ్డ ఇనుప బిళ్ళలను చూస్తోంది. సాంచా మీద పడుగు బిగువుగా ఉండడానికి గొలుసులకు వేలాడదీసే బిళ్ళలవి. పరకాలలో దొరుకుతాయో దొరకవోనని, కిలోల మనిషికి చెబితే దింపమంటాడని, అతను చాయ్ తాగుతున్నంతసేపట్లో ఎక్కించారు.

“సంచికి అరవై కిలోలు, నాలుగు సంచులు” అంది అత్త మొహం చూడకుండా. “ఇంకేమన్నున్నదా బిడ్డా అని నన్నే అడిగిండు అత్తా. నన్నే అడిగిండు. ఏం లేదన్న.”

సమ్మమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. సాంచా వైపు కూడా చూడలేదు. పోయి సదానందం పక్కన మొరంలో కూర్చుని, బయట ఉన్న ఆ చేతి మీద తన అరచెయ్యి వేసింది. పోలీసులు వచ్చి లేవమనేదాకా, లేవమన్న తర్వాత కూడా, అక్కడి నుంచి కదల్లేదు. “ఒక్కన్నెట్ల తోలుతం?” అంది. అంబులెన్సులో అతనితోపాటు ఆమే ఎక్కింది.

పొద్దు వాలాక క్రేను వచ్చి బండినీ సాంచాలనూ లాక్కుపోయింది. ఆడవాళ్ళు మక్కలను కుప్ప చేసి, చేటలతో ఎత్తి బస్తాలకు పోసుకున్నారు. దొర్లుకుంటూ వచ్చి మక్కల్లో ఆగిన బిళ్ళ ఒకటి వాళ్ళ కాళ్ళకు తగిలింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, దాని చుట్టూ చీపురుతో ఊడ్చుకుని వెళ్ళిపోయారు. ఖాళీ తారురోడ్డు మీద ఆ ఇనుప బిళ్ళ అలాగే ఉంది, దాని మీద పోతపోసిన ‘10’ అంకె సున్నాలో ఒక మక్క గింజ ఇరుక్కుని ఉంది.